కుర్చీలు నిండాలంటే కొనేవారు రావాలి!

- వ్యాపార సదస్సులకు కరవవుతున్న ఆదరణ
- సంతకు, జాతరకు లేని కొరత సమావేశాలకే ఎందుకు?
- చెంతనే భారీ పరిశ్రమలు.. చిన్న యూనిట్లకు అందని ఆర్డర్లు
- హాజరు కాదు, జరిగిన వ్యాపారమే కొలమానం కావాలి

అనకాపల్లి: వేదిక నిండుగా ఉంటుంది. ముందు రెండు వరుసల్లో అధికారులు, బ్యాంకర్లు, సంఘాల నాయకులు ఆసీనులవుతారు. మూడో వరుస నుంచి కుర్చీలు వెలవెలబోతుంటాయి. జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు, శాలువాల కార్యక్రమం ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. భోజన విరామం తరువాత వేదికపై ఉన్నవారిలోనూ సగం మంది కనిపించరు. చిన్న పరిశ్రమల అవగాహన సదస్సు, కొనుగోలుదారులు-అమ్మకందారుల సమావేశం, ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణ.. పేరేదైనా జిల్లా కేంద్రాల్లో తరచూ కనిపించే దృశ్యం ఇదే. ఎవరి కోసం సభ పెట్టారో వారే అందులో కనిపించడం లేదు.

ఈ కొరతను కప్పిపుచ్చేందుకు నిర్వాహకులు పాటించే మార్గం కూడా అందరికీ తెలిసిందే. సమీపంలోని కళాశాల విద్యార్థులను బస్సుల్లో తరలిస్తారు. డ్వాక్రా సంఘాలకు కబురు పెట్టి మహిళలను రప్పిస్తారు. హాలు నిండుతుంది, ఫొటోలు వస్తాయి, హాజరు పట్టికలో సంతకాలు పడతాయి. సదస్సు విజయవంతమైనట్లు నివేదిక పైకి వెళ్తుంది. లేతు మిషను నడిపే యజమాని, బొమ్మలు చేసే కళాకారుడు, పచ్చళ్ల యూనిట్ పెట్టిన మహిళ మాత్రం ఆ రోజు కూడా తమ పనిలోనే ఉంటారు. ప్రచారం చాలకపోవడమే దీనికి కారణమని నిర్వాహకులు భావిస్తుంటారు. మరుసటి సారి ఫ్లెక్సీలు పెంచుతారు, వాట్సాప్ గ్రూపుల్లో ఆహ్వానాలు రెండింతలు చేస్తారు. ఫలితం మారదు. లోపం ప్రచారంలో లేదు. రోజంతా పని మానుకొని వచ్చినవాడు సాయంత్రం ఏమి పట్టుకొని ఇంటికి వెళ్తాడన్న ప్రశ్నకు ఆహ్వాన పత్రికలో సమాధానం లేకపోవడమే అసలు లోపం.

సంతకు ఎవరు పిలిచారు?

వ్యాపారం కోసం జనం గుమిగూడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి యార్డుకు సీజనులో తెల్లవారేసరికే బండ్లు, వ్యాన్లు చేరుకుంటాయి. రైతులు, వర్తకులు, కొలగార్లు, కలాసీలతో ఆవరణ కిటకిటలాడుతుంది. వారిని రమ్మని ఎవరూ కార్డులు పంచరు. దిమ్మ తెచ్చిన రైతుకు అక్కడ కొనేవాడు ఉంటాడన్న నమ్మకం ఉంది. కొనవచ్చిన వర్తకునికి సరకు ఉంటుందన్న నమ్మకం ఉంది. నాణ్యత కళ్లెదుటే తేలుతుంది, ధర అక్కడికక్కడే పలుకుతుంది.

కొత్త అమావాస్యకు జరిగే నూకాంబిక జాతరదీ అదే దారి. గాజులవాడు, మిఠాయి దుకాణదారు, రంగులరాట్నం యజమాని ఏడాది ముందే ఆ తేదీని గుర్తుపెట్టుకుంటారు. వారపు సంతలకు వచ్చే గిరిజనులు మైళ్ల దూరం నడిచైనా వస్తారు. ఇందులో ఉన్న సూత్రాలు మూడే. తేదీ మారదు. కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ వస్తారు. వచ్చినవారు ఏదో ఒకటి తేల్చుకునే వెనుదిరుగుతారు. సదస్సుల్లో ఈ మూడూ కొరవడుతున్నాయి. తేదీ ముఖ్య అతిథి వీలును బట్టి ఖరారవుతుంది, ఒక్కోసారి ముందురోజు రాత్రి మారుతుంది. అమ్మేవారిని పిలుస్తారు కానీ కొనే అధికారం ఉన్నవారు రారు. చివరికి తేలేదేమీ ఉండదు.

ఒక రోజు ఖరీదు

సదస్సుకు ప్రవేశం ఉచితమని, భోజనం కూడా పెడతామని నిర్వాహకులు చెబుతారు. చిన్న వ్యాపారికి మాత్రం అది ఉచితం కాదు. నర్సీపట్నంలో ఇద్దరు పనివారితో వెల్డింగ్ షాపు నడిపే వ్యక్తినే ఉదాహరణగా తీసుకోవచ్చు. యజమాని లేకపోతే కొలతలు తీసేవారుండరు, ఆ రోజు పని నిలిచిపోతుంది. పనివారికి చెరో రూ.700 చొప్పున రూ.1,400 ఇవ్వక తప్పదు. రాకపోకలు, ఇతర ఖర్చులకు రూ.300 వేసుకొని, ఆగిన పనిపై రావలసిన మిగులు రూ.1,500 అనుకున్నా మొత్తం రూ.3,200 అవుతుంది. ఇంత వెచ్చించి వెళ్తే కరపత్రంలో ఉన్న విషయాలనే వేదికపై చదివి వినిపిస్తారు. మొదటిసారి కుతూహలంతో వెళ్లినవారు రెండోసారి వెళ్లకపోవడం అజ్ఞానం కాదు, లెక్క తెలిసినతనం.

మహిళల విషయంలో ఈ ఖరీదు మరింత ఎక్కువ. ఇంటిపని ముగించుకొని పల్లె నుంచి బయలుదేరే మహిళకు ఉదయం 9 గంటల సభ అందదు. సాయంత్రం 5 దాటితే తిరుగు బస్సు దొరకదు. చంటిబిడ్డ ఉంటే కూర్చునే చోటుండదు. సంఘంలో సభ్యురాలు కాబట్టి రావాలన్న ఆదేశంపై ఆమె వస్తుంది. వచ్చి, తన పచ్చళ్లకో చీరలకో సంబంధం లేని ప్రసంగం వింటుంది.

నుమాయిష్ నేర్పిన పాఠం

టిక్కెట్టు కొని మరీ జనం వెళ్లే వ్యాపార ప్రదర్శనలు తెలుగునాట లేకపోలేదు. హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్ ఇందుకు పెద్ద నిదర్శనం. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దాదాపు 50 స్టాళ్లతో ఇది మొదలైంది. స్థానిక ఉత్పత్తులకు ప్రచారం కల్పించడం అప్పటి ఉద్దేశం. స్థలం చాలక 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1న ప్రారంభమై ఫిబ్రవరి 15 వరకు సాగడం దాని ఆనవాయితీ. కశ్మీర్ శాలువాల వర్తకుడి నుంచి చేనేత సహకార సంఘం వరకు ఆ తేదీని బట్టే ఏడాది ఉత్పత్తిని సిద్ధం చేసుకుంటారు. కుటుంబాలు పండుగలా బయలుదేరతాయి. కరోనా కారణంగా 2021లో ప్రదర్శన జరగకపోతే ఆ 46 రోజుల అమ్మకాన్ని నమ్ముకున్న చిన్న వర్తకులు నష్టపోవలసి వచ్చింది. ఒక ప్రదర్శన రద్దయితే బాధపడేవారు ఉన్నారంటే అది వారి జీవికలో భాగమైందని అర్థం. జిల్లాల్లో జరిగే ఎన్ని సదస్సులు రద్దయితే ఎవరికైనా నష్టం కలుగుతుందో నిర్వాహకులు ఆలోచించుకోవాలి.

రెండో ఉదాహరణ కోళ్ల పరిశ్రమది. హైదరాబాద్ హైటెక్స్‌లో ఏటా నవంబరులో జరిగే పౌల్ట్రీ ఇండియా ప్రదర్శనకు గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి రైతులు సొంత ఖర్చులతో వెళ్తారు. దాణా యంత్రాలు, షెడ్ల సామగ్రి, టీకాలు, మందుల కంపెనీలు అన్నీ ఒకేచోట ఉంటాయి. నాలుగు కంపెనీల యంత్రాలను పక్కపక్కన చూసి, ధర అడిగి, బేరమాడి రావచ్చు. ఏడాదంతా తిరిగినా దొరకని సమాచారం ఒక్క రోజులో చేతికి వస్తుంది. అక్కడ ఉపన్యాసాలూ ఉంటాయి, కానీ రైతును రప్పించేది ఉపన్యాసం కాదు. ఒకే వృత్తికి పరిమితం కావడం దాని బలం. కిరాణా, చేనేత, ఫార్మా, పర్యాటకం అన్నింటినీ ఒకే హాలులో కలిపి పెట్టే సభకు ఆ బలం రాదు.

చెంతనే కొనుగోలుదారులు

అనకాపల్లి ప్రాంతానికి ఈ విషయం మరింత కీలకం. పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మాసిటీ ఉన్నాయి. అచ్యుతాపురంలో ప్రత్యేక ఆర్థిక మండలి, బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమ నడుస్తున్నాయి. గంట ప్రయాణ దూరంలో విశాఖ ఉక్కు కర్మాగారం, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, హిందుస్థాన్ షిప్‌యార్డు, భెల్ యూనిట్ ఉన్నాయి. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు, పూడిమడక హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మార్చిలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు, 2025 నవంబరులో సీఐఐ భాగస్వామ్య సదస్సు విశాఖలోనే జరిగాయి. లక్షల కోట్ల రూపాయల ఒప్పందాలు వార్తలకెక్కాయి. ఆ వేదికలు పెద్ద పెట్టుబడులకు ఉద్దేశించినవి. వచ్చిన పరిశ్రమకు నట్లు, బోల్టులు, అట్టపెట్టెలు, యూనిఫారాలు, క్యాంటీన్ సరకులు, మరమ్మతులు ఎవరు సమకూర్చాలన్నది తేలవలసింది జిల్లాస్థాయి సమావేశాల్లోనే. అవి నామమాత్రంగా ముగిస్తే ఆ పనులు ఇతర రాష్ట్రాల సరఫరాదారులకు చేరతాయి. స్థానికులకు కాపలా, కూలి పనులే మిగులుతాయి.

చట్టం చిన్న సంస్థల పక్షానే ఉంది. సూక్ష్మ, చిన్నతరహా సంస్థల నుంచి కొనుగోళ్ల విధానాన్ని కేంద్రం 2012లో తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 20 శాతం చిన్న సంస్థల నుంచే జరపాలని నిర్దేశించింది. 2018లో దీన్ని 25 శాతానికి పెంచింది. ఇందులో ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం ప్రత్యేకించారు. టెండరు పత్రాలు ఉచితంగా ఇవ్వాలి, ధరావతు సొమ్ము నుంచి మినహాయింపు ఉంటుంది. అత్యల్ప ధర కంటే 15 శాతం లోపు ఎక్కువ కోట్ చేసిన చిన్న సంస్థ, ఆ అత్యల్ప ధరకే ఇచ్చేందుకు అంగీకరిస్తే సరఫరాలో వాటా పొందవచ్చు. ఇందుకోసం సరఫరాదారుల అభివృద్ధి సమావేశాలు జరపవలసిన బాధ్యతను కూడా ఆ విధానం పెద్ద సంస్థలపై ఉంచింది.

అంటే జిల్లాలో జరిగే ఒక్క సమావేశానికి ఎన్టీపీసీ, ఉక్కు, రిఫైనరీ కొనుగోలు విభాగాల అధికారులు వచ్చి రాబోయే ఆరు నెలల్లో తమకు కావలసిన వస్తువుల జాబితా, డ్రాయింగులు, నాణ్యత ప్రమాణాలు బల్లపై పరిస్తే చాలు. పిలవకపోయినా లేతు యజమానులు బారులు తీరుతారు. ‘మా పథకాలు సద్వినియోగం చేసుకోండి’ అనే ప్రసంగానికి, ‘ఈ వాల్వు మీరు చేయగలరా?’ అనే ప్రశ్నకు ఉన్న తేడా ఇదే.

పేరు వచ్చింది.. ఆర్డరు రావాలి

యలమంచిలి మండలం ఏటికొప్పాక లక్క బొమ్మలకు దక్కిన ప్రచారం మరే పల్లె వస్తువుకూ దక్కలేదంటే అతిశయోక్తి కాదు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, సహజ రంగులతో తయారయ్యే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్‌కీబాత్‌లో ప్రస్తావించారు. సహజ రంగులకు పునరుజ్జీవం పోసిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర వేడుకల్లో రాష్ట్ర శకటంపై ఈ బొమ్మలే కొలువుదీరాయి.

ప్రచారం శిఖరానికి చేరిన చోట కూడా కళాకారునికి కావలసింది మరొకటి ఉంది. ప్రదర్శనలో చిల్లరగా పది బొమ్మలు అమ్మితే ఆ పూట గడుస్తుంది. ఒక పాఠశాలల గొలుసు, హోటల్, ఎగుమతి సంస్థ ఏడాది ఆర్డరు ఇస్తే కర్ర నిల్వ చేసుకోవచ్చు, నేర్చుకునే కుర్రవాళ్లకు కూలి ఇవ్వవచ్చు. కాబట్టి చేతివృత్తుల ప్రదర్శనకు జనాన్ని రప్పించడం అంటే సందర్శకుల సంఖ్య పెంచడం మాత్రమే కాదు, టోకు కొనుగోలుదారులను గుర్తించి వారికి ముందుగా నమూనాలు పంపి రప్పించడం. గ్రామీణ మహిళల ఉత్పత్తుల కోసం కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 1999 నుంచి నిర్వహిస్తున్న సరస్ మేళాలకు ఆదరణ లభించడానికి అవి నగరాల్లో, కొనుగోలు శక్తి ఉన్నచోట జరగడం ఒక కారణం. తయారీదారులే ఒకరి స్టాలును మరొకరు చూసుకునే ప్రదర్శనల వల్ల ప్రయోజనం స్వల్పం.

దీనికి భిన్నమైన పాఠం మాడుగుల హల్వాది. గోధుమ పాలతో చేసే ఆ మిఠాయికి ఏ సదస్సూ మార్కెట్ చూపలేదు. తిన్నవారు చెప్పగా ఊరూరా పాకింది. రుచి చూసినవాడే ప్రచారకుడు. సభలకూ ఇదే వర్తిస్తుంది. ఒక సమావేశంలో ఆర్డరు దొరికిన ఒక్క వెల్డింగ్ షాపు యజమాని, మరుసటి సమావేశానికి తన వీధిలోని పదిమందిని వెంటపెట్టుకు వస్తాడు. ఏ ఫ్లెక్సీ చేయలేని పని అది.

బాకీల బల్ల వేస్తే..

చిన్న పరిశ్రమలవారిని నిజంగా రప్పించగల మరో అంశం పాత బాకీలు. సరకు ఇచ్చి నెలల తరబడి సొమ్ము కోసం తిరుగుతున్నవారు ప్రతి పారిశ్రామికవాడలోనూ ఉంటారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లింపు జరగాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ చెల్లించాలి. వివాదాల పరిష్కారానికి ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. ఈ హక్కు గురించి వేదికపై అరగంట ఉపన్యసించడం కంటే, ప్రాంగణంలో ఒక బల్ల వేసి ఉద్యమ్ నమోదు సరిచూసి, బిల్లులు పరిశీలించి, అక్కడే దరఖాస్తు నింపించి పంపితే వచ్చినవారికి ఆ రోజు సార్థకమవుతుంది.

రుణాల విషయమూ అంతే. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో తయారీ యూనిట్ల గరిష్ఠ వ్యయ పరిమితిని 2022లో రూ.25 లక్షల నుంచి రూ.50 లక్షలకు పెంచారు. 2024 కేంద్ర బడ్జెట్‌లో ముద్ర రుణ పరిమితిని, పాత అప్పు సక్రమంగా తీర్చినవారికి, రూ.20 లక్షలకు పెంచుతున్నట్లు ప్రకటించారు. ఈ అంకెలు నేడు ఫోనులో దొరుకుతాయి. దొరకనిది, దరఖాస్తు ఎందుకు ఆగిందో చెప్పే అధికారి. సదస్సుకు బ్యాంకు తరఫున ప్రసంగించే ప్రతినిధి కంటే, మంజూరు అధికారం ఉన్న అధికారి పెండింగ్ జాబితాతో రావడం అవసరం.

చేయవలసినవి ఇవీ..

ఖర్చు పెంచకుండానే ఈ సభల తీరు మార్చవచ్చు. అనుభవం చెబుతున్న మార్గాలు స్పష్టంగానే ఉన్నాయి.

- ఏటా ఒకే నెలలో, ఒకే వారంలో నిర్వహించాలి. అతిథి మారినా తేదీ మారకూడదు. గానుగలు ఆడే రోజులు, నాట్లు, పండుగ రద్దీ తప్పించాలి.
- ఒక్కో సమావేశాన్ని ఒక్కో వృత్తికి పరిమితం చేయాలి. ఇంజినీరింగ్ యూనిట్లకు ఒకటి, ఆహార ఉత్పత్తులకు ఒకటి, చేతివృత్తులకు మరొకటి ఉండాలి.
- కొనుగోలుదారుల పేర్లు, వారికి కావలసిన వస్తువుల జాబితా కనీసం 15 రోజుల ముందు ప్రకటించాలి. ఆహ్వాన పత్రికలో అతిథుల పేర్ల కంటే ఆ జాబితాకే పెద్దపీట వేయాలి.
- వచ్చే ప్రతి ఒక్కరికీ ఎవరిని ఏ సమయానికి కలవాలో ముందే నిర్ణయించి చెప్పాలి. రోజంతా నిరీక్షించే అవసరం లేకుంటే దుకాణం మూయనక్కరలేదు.
- ప్రారంభ సభను అరగంటకు కుదించాలి. మహిళా యూనిట్లకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 లోపు సమయం కేటాయించాలి.
- జిల్లా కేంద్రంలోనే కాక నర్సీపట్నం, యలమంచిలి, చోడవరం వంటి పట్టణాల్లోనూ వంతులవారీగా జరపాలి.
- మూడు నెలల తరువాత ఎవరికి ఎంత ఆర్డరు వచ్చింది, ఎన్ని రుణాలు మంజూరయ్యాయి, ఎన్ని బాకీలు వసూలయ్యాయన్న వివరాలను బహిరంగపరచాలి.

వీటన్నింటిలో చివరిదే కీలకం. హాజరైనవారి సంఖ్యను బట్టి సభను బేరీజు వేసినంతకాలం, ఆ సంఖ్యను ఎలాగోలా చూపించే ప్రయత్నమే సాగుతుంది. విద్యార్థుల బస్సులు వస్తూనే ఉంటాయి. జరిగిన వ్యాపారాన్ని లెక్కించడం మొదలైతే నిర్వాహకులే కొనేవారి కోసం వెతుకుతారు. 40 మంది వచ్చి 12 ఆర్డర్లు తీసుకువెళ్లిన సమావేశం, 400 మంది భోజనం చేసి వెళ్లిన సభ కంటే మేలైనదన్న గుర్తింపు ముందుగా నివేదికలు కోరే పై అధికారులకు రావాలి.

రాష్ట్రంలోని 175 నియోజకవర్గాల్లోనూ చిన్న పరిశ్రమల పార్కులు నెలకొల్పుతామని ప్రభుత్వం ప్రకటించింది. షెడ్లు కట్టడం, రోడ్లు వేయడం నిధులతో అయ్యే పని. ఆ షెడ్డులో తయారైన వస్తువును కొనేవారితో కలపడం మాత్రం ఇలాంటి సమావేశాలతోనే సాధ్యం. అవి మొక్కుబడిగా సాగితే పార్కుల్లోని షెడ్లకూ తాళాలు పడే ప్రమాదం ఉంది. తెల్లవారకముందే బెల్లం యార్డుకు చేరుకునే రైతుకు వ్యాపార సభ విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. సభ పెట్టేవారే ఆ యార్డుకు ఒకసారి వెళ్లి నేర్చుకోవలసి ఉంది.